ఒకే బల్లగా కట్టకు మామా, సెక్షన్లుగా కట్టు

ఒరేయ్ మామా,

ఉత్తరం అందింది. గది దొరికింది, ఇంట్లో అందరూ సరే అన్నారు, ఇంక మోడల్ రైలు లేఅవుట్ మొదలుపెట్టడమే అని రాశావ్ చూడు, చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ ఏ ఇంజన్ కొనాలి, ఏ పట్టాలు వాడాలి అని రెండు పేజీలు రాసి, కింద బల్ల సంగతి మాత్రం ఒక్క లైన్లో తేల్చేశావ్, పన్నెండడుగుల బల్ల ఒకటి చేయించి గోడకి బిగించేస్తా అని. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క లైన్ గురించే. ఇంజన్లదేముంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బల్ల మీదకి ఒకసారి పట్టాలు, కొండలు, చెట్లు ఎక్కాక ఇంక దాన్ని ముట్టుకోలేవు.

గోడకి బిగించకు, ఒకే ముక్కగా అస్సలు చెయ్యకు. సుమారు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండే సెక్షన్లుగా కట్టి బోల్టులతో కలుపు. ఇల్లు మారే ఆలోచనే లేదు కదా అంటావ్, తెలుసు. ఇల్లు మారడం ఒక్కటే కాదురా, గోడకి చెమ్మ పట్టినా, గదికి రంగులు వెయ్యాల్సొచ్చినా పన్నెండడుగుల బల్లని ఎక్కడికి జరుపుతావ్? అయినా అసలు లాభం వైరింగ్ దగ్గరుంది. ఒకే బల్లయితే ప్రతి వైరూ, ప్రతి పాయింట్ (రైలు ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లే చోటు) మోటారూ కింద వెల్లకిలా పడుకునే బిగించాలి, మెడ పట్టేస్తుంది, కరిగిన సోల్డర్ ఎప్పుడు మొహం మీద పడుతుందో తెలీదు. అదే సెక్షన్ అయితే బోల్టులు విప్పి, టేబుల్ మీద అడ్డంగా నిలబెట్టి, కుర్చీలో కూర్చుని మంచి వెలుతుర్లో తీరిగ్గా చేసుకోవచ్చు. ఇంకోటేంటంటే ఒక సెక్షన్ మొత్తం పూర్తిచేసి, అది చూసుకుని మురిసిపోయి, ఆ ఊపులో రెండోదానికి వెళ్లొచ్చు. పెద్ద బల్లలు సగంలో ఆగిపోయేది అందుకే, ఎంత చేసినా ఏమీ అయినట్టు కనపడదు.

ఎన్‌ట్రాక్, ఫ్రీమో లాంటి మోడల్ రైలు స్టాండర్డుల గురించి చదివుంటావ్. వాటిలో ముక్కలు మాడ్యూళ్లు, అంటే అంచుల్లో పట్టా ఎక్కడుండాలి, నేల నుంచి ఎంత ఎత్తుండాలి అన్నీ ముందే ఫిక్సయి ఉంటాయి, ఎన్‌ట్రాక్‌కి 40 అంగుళాలు, ఫ్రీమోకి 50. ఎవరి ముక్కైనా ఎవరి ముక్కకైనా అతకాలి కాబట్టి ఆ రూల్స్ కావాలి. నీకు అంత అక్కర్లేదు. నీ రెండో సెక్షన్ నీ ఒకటికీ మూడుకీ అతికితే చాలు, కాబట్టి సైజు నీ ఇష్టం, ఒకటి మూడడుగులు ఒకటి నాలుగున్నర ఉన్నా నష్టం లేదు. ఒకటే చూసుకో, ఇద్దరు పట్టుకుంటే గది తలుపులోంచి, మెట్ల మలుపులోంచి బయటికి రావాలి. టేపు పట్టుకుని ముందు తలుపు కొలువు, తర్వాత గది కొలువు.

ఎక్కడ కోయాలి అన్నది ట్రాక్ ప్లాన్ చెప్పాలి, అడుగులు లెక్కపెట్టి కోసెయ్యకు. ప్లాన్‌ని ఫుల్ సైజులో కాగితం మీద గీసి నేల మీద పరిచెయ్. పాయింట్లు ఎక్కడొస్తున్నాయో మార్క్ చెయ్. జాయింట్ గీత ఏ పాయింట్ మీద నుంచీ వెళ్లకూడదు, అదొక్కటి మాత్రం అస్సలు రాజీ పడొద్దు. పట్టా కూడా జాయింట్ గీతని వీలైనంత లంబంగా దాటాలి, ఏటవాలుగా దాటితే కోసిన చివర్లు సన్నగా పొడుచుకొచ్చి తొందరగా వంగిపోతాయి. జాయింట్‌కి అటూ ఇటూ రెండు మూడు అంగుళాలు తిన్నటి పట్టా ఉండేలా చూసుకో, వంపులో పట్టా చివర ఎప్పుడూ తిన్నగా అయిపోదామనే చూస్తుంది. అదే కాగితం మీద ఫ్రేము అడ్డబద్దలు కూడా గీసెయ్, ఎందుకంటే పాయింట్ మోటారు పెట్టాల్సిన చోటే సరిగ్గా అడ్డబద్ద ఉంటే తర్వాత దాన్ని చెక్కుకుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు ఫ్రేము. మోడల్ రైల్‌రోడర్ పత్రికకి ఎడిటర్‌గా చేసిన లిన్ వెస్ట్‌కాట్ పాపులర్ చేసిన ఎల్-గర్డర్ పద్ధతి (ఎల్ ఆకారంలో అతికించిన పొడవాటి బద్దల మీద ఫ్రేము నిలపడం) గొప్పదే, కదలని పెద్ద లేఅవుట్‌కి బాగుంటుంది, కానీ సెక్షన్లకి మామూలు పెట్టె ఫ్రేమే హాయి, చుట్టూ నాలుగు బద్దలు, మధ్యలో పదహారు అంగుళాలకొక అడ్డబద్ద. చెక్క బద్దలు కొనకు, ప్లైవుడ్ కోయించు. చెక్క గాల్లో తేమని బట్టి నారకి అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, ఒక్కోసారి మెలి తిరిగిపోతుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి ఒక పొర కదుల్దామన్నా పక్క పొర కదలనివ్వదు. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) జోలికి పోకు, బరువు, అంచుల్లో స్క్రూ ఎక్కిస్తే చీలుతుంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మనం సీనరీ చేసేటప్పుడు నీళ్లు కలిపిన గ్లూ, ప్లాస్టరు ఎంత వాడతామో తెలుసుగా.

మందం గురించి చాలామంది కంగారుపడి 18, 25 మి.మీ. వాడేస్తారు, అనవసరపు బరువు. బద్ద గట్టిదనం దాని ఎత్తులో ఉంది, మందంలో కాదు. నీ స్కూలు స్కేలు తీసుకో, పడుకోబెట్టి వంచు, ఇట్టే వంగుతుంది, నిలబెట్టి వంచి చూడు. మందం రెట్టింపు చేస్తే గట్టిదనం రెండింతలే అవుతుంది, ఎత్తు రెట్టింపు చేస్తే ఎనిమిదింతలవుతుంది. అందుకని 12 మి.మీ. ప్లైవుడ్‌ని నాలుగంగుళాల ఎత్తు బద్దలుగా కోయించి నిలబెట్టి వాడు, నాలుగడుగుల సెక్షన్‌కి అది చాలా గట్టి. మూలల్లో లోపలివైపు చిన్న చెక్క దిమ్మ పెట్టి, వుడ్ గ్లూ రాసి స్క్రూ చెయ్. స్క్రూకి ముందు సన్నటి బిట్‌తో పైలట్ హోల్ తప్పనిసరి, లేకపోతే పొరలు విడిపోతాయి. గ్లూ ఆరకముందే రెండు మూలల మధ్య కర్ణాలు కొలిచి చూడు, రెండూ సమానంగా వస్తేనే ఫ్రేము మూలమట్టంగా ఉన్నట్టు, తేడా ఉంటే పొడుగు వచ్చిన మూలని నెట్టు. ఇంకోటి, వైర్లు వెళ్లడానికి అడ్డబద్దల్లో పాతిక మి.మీ. బెజ్జాలు ఇప్పుడే వేసెయ్, అదీ బద్ద ఎత్తుకి సరిగ్గా మధ్యలో, ఎందుకంటే లోడంతా పై అంచు, కింది అంచుల మీదే ఉంటుంది, మధ్యలో బెజ్జం పడితే బలం పెద్దగా తగ్గదు.

ఇదంతా ఒకెత్తు, రెండు సెక్షన్లు కలిసే చివరి పలకలు ఒకెత్తు. ఇక్కడ మాత్రం 18 మి.మీ. మంచి ప్లైవుడ్ వాడు, పిసినారితనం చెయ్యకు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే హెచ్‌ఓ (అసలు రైలుకి 87వ వంతు సైజు) చక్రానికి పట్టా లోపల దిగే అంచు, ఫ్లాంజ్, ఉంటుంది చూడు, అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ వాళ్ల చక్రాల కొలతల సిఫార్సు ఆర్‌పీ-25 ప్రకారం దాని లోతు 0.64 మి.మీ. అంతే. అంటే జాయింట్ దగ్గర ఒక పట్టా ఇంకోదానికంటే అర మిల్లీమీటరు ఎత్తో పక్కకో ఉంటే బండి కిందపడ్డానికి రెడీగా ఉన్నట్టే. టేపుతో కొలిచి రెండు పలకల్లో విడివిడిగా బెజ్జాలు వేస్తే ఆ ఖచ్చితత్వం ఎంత పనోడికైనా రాదు. కొలవడమే వద్దు. రెండు పలకల్నీ ఫ్రేములో పెట్టకముందే ఒకదానిమీద ఒకటి పెట్టి, పై అంచులు చేత్తో తడిమితే గీత తగలకుండా కలిపి, సీ-క్లాంపులతో గట్టిగా బిగించి, డ్రిల్ నిటారుగా పట్టి రెండింట్లోంచీ ఒకేసారి బెజ్జం దించెయ్. డ్రిల్ స్టాండ్ ఉంటే ఇంకా మంచిది. విప్పేముందే పెన్సిల్‌తో రెండింటి మీదా రాసుకో, 1-2 జాయింట్, ఇది పైవైపు, ఇది ముందువైపు అని. ఆ జంట ఇంక జీవితాంతం జంటే, వేరేదానితో కలపకు.

బోల్టు పని బిగించడం వరకే, సరిగ్గా కూర్చోబెట్టడం దాని పని కాదు. కూర్చోబెట్టడానికి ఇత్తడి డోవెల్స్ ఉంటాయి, ప్యాటర్న్ మేకర్స్ డోవెల్స్ అంటారు, ఒకవైపు పిన్ను, ఇంకోవైపు అది దూరే గిన్నె. జాయింట్‌కి రెండు జతలు, వీలైనంత దూరం దూరంగా పెట్టు. ముందు సన్న బిట్‌తో రెండు పలకల్లోంచీ కలిపి బెజ్జం వేసి, తర్వాత పలకలు విడదీసి, ఆ బెజ్జం వెంబడే ఒక్కోదాన్ని డోవెల్ సైజుకి పెద్దది చెయ్. వాటి పక్కన ఎం8 బోల్టులు రెండు, వాటి బెజ్జాలు 10 మి.మీ. వెయ్, కాస్త వదులుండాలి, టైటుగా ఉంటే డోవెల్ ఒకవైపు లాగితే బోల్టు ఒకవైపు లాగుతుంది. రెండువైపులా పెద్ద వాషర్లు, చేత్తో తిప్పేలా వింగ్ నట్. బిగించాక రెండు పలకల మధ్య కాగితం దూర్చి చూడు, దూరకూడదు.

కాళ్లు. మొదటి సెక్షన్‌కి నాలుగు, తర్వాత వాటికి రెండేసి చాలు, ఇంకోవైపు పక్క సెక్షన్ మీద ఆనుతుంది. రెండంగుళాల చదరపు చెక్క కాళ్లు ఫ్రేము మూల లోపలికి దూరి బోల్టుతో బిగేలా పెట్టు, స్క్రూలు వద్దు, పదిసార్లు విప్పితే పట్టు పోతుంది. ఊగడం అనేది కాలు సన్నమని రాదురా, అడ్డంగా ఏటవాలు బద్ద లేకపోవడం వల్ల వస్తుంది, పొడవువైపు ఒకటి వెడల్పువైపు ఒకటి వేస్తే మనిషి ఆనుకున్నా కదలదు. కాలి అడుగున టీ-నట్ దిగ్గొట్టి బోల్టు పెట్టు, నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట తిప్పి లెవెల్ చేసుకుంటావ్. ఎత్తు మాత్రం నీ చెయ్యి చూసి పెట్టుకో. కంటి దగ్గరగా పెడితే రైలు నిజం రైల్లా కనపడుతుంది, కానీ ఎంత ఎత్తు పెడితే వెనక గోడ దాకా చెయ్యి అంత తక్కువ అందుతుంది. రెండడుగుల వెడల్పుకి 48 అంగుళాల చుట్టుపక్కల బాగుంటుందని నా లెక్క, ముప్పై అంగుళాల వెడల్పు దాటావంటే ఏ ఎత్తులోనైనా వెనక పడ్డ వ్యాగను తియ్యడం కష్టమే.

పట్టా కిందకి 12 మి.మీ. ప్లైవుడ్ చాలు, మొత్తం బల్ల మూసెయ్యకుండా పట్టా వెళ్లే దారి మేరకే కోసి, ఫ్రేము నుంచి నిలువు ముక్కల మీద లేపు. అలా అయితే వాగులూ పల్లాలూ పట్టా కంటే కిందకి వస్తాయి, చదును బల్ల మీద అవి రావు. ఎత్తెక్కించాలంటే రెండు శాతం దాటకు, మీటరుకి రెండు సెంటీమీటర్లు. ఈ నిలువు ముక్కలకి గ్లూ రాయకు, స్క్రూ కూడా కిందవైపు నుంచే వెయ్, పైన సీనరీ అయిపోయాక కూడా ఎత్తు సరిచేసుకోవచ్చు. మొత్తం ఫ్రేముకి లోపల, బయట, అంచులు, బెజ్జాల లోపల అన్నిటికీ రెండు కోట్లు సీలరో పెయింటో కొట్టు, ఒకవైపే కొట్టి వదిలేస్తే ఆ రెండోవైపు తేమ పీల్చి వంగుతుంది. అడుగు భాగానికి తెల్లరంగు వేస్తే తర్వాత వైర్లు బాగా కనపడతాయి.

జాయింట్ మీద పట్టా ఎలాగంటే, ముందు సెక్షన్లు రెండూ బిగించెయ్, పట్టాని ఆగకుండా మీద నుంచి వేసెయ్. జాయింట్‌కి అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ స్లీపర్ తీసేసి రాగిపూత పీసీబీ (సర్క్యూట్ బోర్డు) స్లీపర్ ఎపాక్సీతో అతికించి, పట్టాలు దానికి సోల్డర్ చెయ్. సోల్డర్ చేసేముందు ఆ రాగిపూత మధ్యలో గీత కోసెయ్, రెండు పట్టాలకీ మధ్య కరెంటు దాటకూడదు, మీటరు పెట్టి చూసుకో. అంతా చల్లారాక సన్న డిస్కుతో జాయింట్ మీద పట్టా కోసి, చివర్లు ఉప్పుకాగితంతో నునుపు చెయ్. ఇలా చేస్తే రెండు చివర్లూ ఒకే పట్టా ముక్కవి కాబట్టి ఒకదానికొకటి కరెక్టుగా ఎదురుపడతాయి.

వైరింగ్ గురించి ఇంకో ఉత్తరం రాస్తా, ఇప్పటికి ఇంతే, ప్రతి సెక్షన్‌కి దాని సొంత బస్ వైర్లు (పొడవునా కరెంటు మోసే మెయిన్ వైర్లు) లావుగా, ప్రతి పట్టా ముక్కకీ ఆ బస్ నుంచి సన్న ఫీడరు వైరు, సెక్షన్‌కీ సెక్షన్‌కీ మధ్య ప్లగ్గు. తప్పుగా తిప్పి పెట్టడానికి వీల్లేని ప్లగ్గు కొను, కరెంటు వచ్చేవైపు సాకెట్టు ఉండాలి, పిన్నులు కాదు. అన్ని సెక్షన్లలో ఒకే రంగు ఒకే పనికి.

నువ్వు చెక్క కోయించకముందు ఫుల్ సైజు ప్లాన్ ఫొటోలు తీసి పంపు, పాయింట్ల దగ్గర ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తలుపు కొలతలు కూడా రాసి. జాయింట్లు ఎక్కడ పడాలో నేను గీసి పంపుతా, నచ్చకపోతే ఫోన్ చేసి తిట్టు, ఇద్దరం కూర్చుని మళ్లీ గీద్దాం.

నీ
మామ