ఎక్సీకియాస్ పాత్రను చూశావా?

చిరంజీవి రవికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గర నుంచి ఉత్తరం గాని ఫోను గాని వచ్చి చాలా రోజులైంది. పరీక్షల ఒత్తిడి అయి ఉంటుందని నాన్నగారు అంటున్నారు. సీతత్త వాళ్ల మధు ఏదో చెప్పాడట గాని, దాని గురించి రాయడానికి కూర్చోలేదు నేను.

నేను పిల్లలకు గ్రీకు చరిత్ర చెప్పిన రోజుల్లో బొమ్మలో మాత్రమే చూపించిన, ఎక్సీకియాస్ అనే గ్రీకు కుమ్మరి చేసిన పానపాత్ర, నువ్వున్న మ్యూనిక్ మ్యూజియంలోనే ఉంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఏథెన్సులో చేసినది, ఇటలీలోని వుల్చిలో దొరికింది. దాని నల్లని మెరుపు విడిగా వేసిన రంగు కాదు, నీళ్లలో తేర్చిన సన్నని మట్టి పూత. ఆవంలోకి గాలి ఆడనిస్తే అంతా ఎర్రబడుతుంది, గాలి మూసి పొగబెడితే అంతా నల్లబడుతుంది, మళ్లీ గాలి వదిలినప్పుడు మిగతా మట్టి ఎర్రబడినా, వేడికి బిగుసుకున్న పూత మాత్రం నల్లగానే నిలిచిపోతుంది.

పాత్ర లోపల ద్రాక్షసారా దేవుడు డయోనైసస్ ఓడలో పడుకొని ఉంటాడు. పూర్వం సముద్రపు దొంగలు ఆయనను రాకుమారుడనుకొని, డబ్బు గుంజవచ్చని ఓడలో కట్టబోతే కట్లు వాటంతట అవే ఊడిపోయాయట. ఈయన దేవుడు, వదిలేయండని చుక్కాని పట్టినవాడు ఒక్కడే మొత్తుకున్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఇంతలో తెరచాప మీదికి ద్రాక్షతీగ పాకింది, దేవుడు సింహమయ్యాడు, దొంగలంతా భయంతో నీళ్లలో దూకి డాల్ఫిన్లయ్యారు, వద్దన్న ఆ ఒక్కడినే దేవుడు కరుణించాడు. పాత్రలో ఏడు ద్రాక్షగుత్తులు, ఏడు డాల్ఫిన్లు ఉంటాయి. ఎంతమంది స్నేహితులున్నా వద్దనగలిగినవాడు ఒకడుండాలి రా, ఆ ఒక్కడివి నువ్వు కావాలి.

ఆ గ్రీకులు కూడా నీళ్లు కలపకుండా తాగడం అనాగరికమనుకున్నారు. వూర్జ్‌బర్గ్‌లో ఉన్న మరో పాత్ర అడుగున, తాగి వాంతి చేసుకుంటున్న కుర్రవాడి తలను ఒక అమ్మాయి పట్టుకొని ఉంటుంది. తాగడం పూర్తయ్యాక కనబడేది ఆ బొమ్మే. అక్కడ నీ తల పట్టుకోవడానికి నేను లేను. మధు చెప్పింది నిజమేనా? నిజమైనా సరే నాకే రాయి, నాన్నగారికి నేను నెమ్మదిగా చెబుతాను.

రాత్రిళ్లు ఉత్త రొట్టెతో సరిపెట్టకు, అన్నం వండుకో. చారుపొడి, గోంగూర పచ్చడి, ఉన్ని మేజోళ్లు పార్సెలు కట్టి ఉంచాను. గది మారావని కూడా విన్నాను కనుక, కొత్త చిరునామా వెంటనే పంపించు.

ఇట్లు,
అమ్మ