కెమెరా పెట్టండి, కాపలాకి మాత్రం వద్దు

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రతి తరగతి గదిలో కెమెరా పెట్టించి, ఆ వీడియోలు చూసి టీచర్లకు మార్కులు వేయాలనీ, పిల్లల శ్రద్ధను సాఫ్ట్‌వేర్‌తో కొలిపించాలనీ మీ శాఖ ఆలోచిస్తోందని విన్నాను. నేను కెమెరాకు వ్యతిరేకిని కాదండీ. కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. ఆ తర్వాత తరగతి గది వీడియోలు చూస్తూ అందులో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదు చేసే పరిశోధన పనిలో పడ్డాను. వీడియో నేర్పినంత నాకు ఏ ట్రైనింగూ నేర్పలేదు. ఇంత మంచి పనిముట్టు పోలీసు పనికి పోతుందేమోనన్న భయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా పాఠం నేను మొదటిసారి చూసుకున్న రోజు బాగా గుర్తుంది. ముందు నా గొంతే నాకు నచ్చలేదు, అది అందరికీ ఉండేదే. పది నిమిషాలు గడిచాక అసలు సంగతి బయటపడింది. ప్రశ్న అడుగుతున్నాను, పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు నేనే చెప్పేస్తున్నాను. "ఈ రెండు భిన్నాలకి ఉమ్మడి హారం ఎంత? పన్నెండు కదా!" అడగడానికీ చెప్పడానికీ మధ్య ఒక సెకను కూడా లేదు. పిల్లలకి బోలెడంత టైమ్ ఇస్తానని అప్పటిదాకా నా గట్టి నమ్మకం. ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని చూసి ఈ మాట చెప్పి ఉంటే వాదనకు దిగేదాన్ని. వీడియోతో ఏం వాదిస్తాం?

ఈ జబ్బు నా ఒక్కదానిదే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతుల టేపు రికార్డింగులు విని, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకనే ఆగుతున్నారని 1970ల్లోనే తేల్చారు. ఆ సెకనును మూడు చేస్తే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు విప్పుతారు. రెండు సెకన్ల తేడా అది. ఎదురుగా కూర్చుని చూసే ఇన్‌స్పెక్టరు కంటికి ఎలా ఆనుతుంది?

టీచరు ట్రైనింగు చేసిన ఎవరినడిగినా సూక్ష్మబోధన అంటే ఏమిటో చెప్తారు. 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. గుప్పెడు మంది పిల్లలు, కొద్ది నిమిషాల పాఠం, ఒకేఒక్క నైపుణ్యం. రికార్డు చేసి చూసుకోవడం, దిద్దుకుని మళ్ళీ చెప్పడం. ఆ పద్ధతికి ప్రాణం వీడియోనే. చాలా చోట్ల ఇప్పుడు కెమెరా ఎగిరిపోయింది, తోటి ట్రైనీలు పిల్లల్లా నటించి సంతకాలు పెట్టించుకునే తంతు మిగిలింది. మీరు కెమెరాలు కొనదలిస్తే ముందు అక్కడ పెట్టండి.

ప్రవర్తన మీద పరిశోధనకైతే వీడియో లేనిదే రోజు గడవదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ అనే పరిశోధకుడు 1920ల నుంచే పసిపిల్లల ఎదుగుదలను ఫిల్ము మీద పట్టి, ఒక్కో ఫ్రేమూ ఆపి చూశారు. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగంలో తల్లి బిడ్డతో కాసేపు ఆడుకుని, తర్వాత ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరకే చూస్తూ ఉంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల వ్యవహారం. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్నది వెనక్కి తిప్పి చూస్తేనే తేలుతుంది.

మా పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. నెడ్ ఫ్లాండర్స్ అనే ఆయన తరగతిలో జరిగే మాటలను పది రకాలుగా విడదీశారు. టీచరు వివరించడం, ప్రశ్న అడగడం, మెచ్చుకోవడం, విద్యార్థి జవాబివ్వడం, నిశ్శబ్దం, ఇలా. ప్రతి మూడు సెకన్లకు ఒక అంకె వేయాలి. నలభై నిమిషాల పీరియడ్‌కి 800 అంకెలు. ఒకరు వేస్తే చాలదు. అదే వీడియోకి ఇంకొకరు విడిగా వేయాలి, ఇద్దరివీ ఎంతవరకు కలిశాయో లెక్క కట్టాలి. ఊరికే కాకతాళీయంగా కలిసినవాటిని తీసేసి లెక్కించే కొలతను జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చారు, ఇవాళ్టికీ దాన్నే వాడుతున్నాం.

ఒకసారి ఒక పాపను గురించి నాకూ నా సహోద్యోగికీ పడలేదు. ఆ పీరియడ్‌లో పాప నాలుగుసార్లు చెయ్యెత్తిందని నా లెక్క, ఒక్కసారీ ఎత్తలేదని ఆయన లెక్క. మళ్ళీ చూశాం. పాప చెయ్యి తల దాటి పైకి పోదు, భుజం దాకా వచ్చి ఆగిపోతుంది. అది ఎత్తినట్టా కాదా? గంటసేపు కొట్టుకుని ఒక నియమం రాసుకున్నాం: మోచెయ్యి బల్ల మీద నుంచి లేస్తే ఎత్తినట్టే. ఆ నియమం పెట్టుకుని మొదటి నుంచీ చూస్తే, నాలుగుసార్లూ టీచరు బోర్డు వైపు తిరిగి ఉన్నారు. ఐదో ప్రశ్నకి పాప చేతులు బల్ల కింద పెట్టేసుకుని రబ్బరును దొర్లించుకుంటోంది. "ఆ అమ్మాయి అసలు నోరు తెరవదండీ" అని టీచరు మాతో అంతకుముందే అన్నారు, అబద్ధమేమీ కాదు, ఆవిడకి కనిపించింది అంతే. ఆ క్లిప్ చూపిస్తే ఆవిడ ఒక్కరే మళ్ళీ రెండుసార్లు పెట్టించుకుని చూశారు. మర్నాడు బోర్డు పక్కకి జరిగి, పిల్లల వైపు సగం తిరిగి రాయడం మొదలుపెట్టారు.

మీ సాఫ్ట్‌వేర్ ఆ పాప దగ్గర ఏం రాస్తుంది? "అశ్రద్ధ" అని రాస్తుంది. చివరి అరనిమిషం ఒక్కటే చూస్తే అది నిజమే కూడా. కంపెనీల వాళ్ళు చూపించే డెమోలో ముఖాల చుట్టూ పచ్చ గళ్ళు, ఎర్ర గళ్ళు చక్కగా కనిపిస్తాయి. కానీ ముఖం చూసి మనసులో ఏముందో నమ్మకంగా చెప్పలేమని, లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి 2019లో రాశారు. కనుబొమలు ముడిస్తే కోపమే కానక్కర్లేదు, లెక్క గట్టిగా ఆలోచిస్తున్నా ముడుస్తాం. యూరోపియన్ యూనియన్ అయితే బడుల్లోనూ పని చేసే చోట్లా మనుషుల భావోద్వేగాలను పసిగట్టే ఏఐని, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వాళ్ళు వద్దన్నది మనం డబ్బిచ్చి తెచ్చుకోవడం దేనికి?

ఇక మార్కుల సంగతి. 1995లో అంతర్జాతీయ గణిత, సైన్సు అధ్యయనంలో భాగంగా జేమ్స్ స్టిగ్లర్ బృందం జర్మనీ, జపాన్, అమెరికాల్లో 231 ఎనిమిదో తరగతి లెక్కల పాఠాలను రికార్డు చేసింది. అమెరికా పాఠాల్లో ఎక్కువగా టీచరు పద్ధతి చూపిస్తే పిల్లలు దాన్నే అభ్యాసం చేస్తున్నారు, జపాన్‌లో ముందు లెక్క ఇచ్చి పిల్లలను కుస్తీ పట్టనిస్తున్నారు, ఆ తర్వాత వాళ్ళ పద్ధతులను బోర్డు మీద చర్చిస్తున్నారు. 1999లో ఇదే పనిని ఏడు దేశాల్లో, 638 పాఠాలతో మళ్ళీ చేశారు. బాగా చదివే దేశాలన్నీ ఒకే తీరులో బోధించడం లేదని అందులో తేలింది. ఇవన్నీ బయటపడింది ఏ టీచరుకూ మార్కు వేయనందువల్లే అని నా నమ్మకం. మార్కు ఉందంటే మేం అందరం సేఫ్‌గా ఆడతాం. ముందే రెండుసార్లు చెప్పేసిన పాఠాన్ని మళ్ళీ చెప్తాం, జవాబు వచ్చే పిల్లల్నే లేపుతాం. కెమెరా కొత్తలో పిల్లలు వెక్కిరింపులు చేస్తారు, మూడో రోజుకి మర్చిపోతారు. అందుకే రికార్డింగు లేకుండా రెండు రోజులు ఊరికే స్టాండు నిలబెట్టి ఉంచుతాం. జీతం ముడిపడిన కెమెరాను మాత్రం టీచరు ముప్పై ఏళ్ళయినా మర్చిపోరు.

మరో చిన్న విషయం, కాంట్రాక్టర్లు చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. సీలింగు మూలన బిగించే కెమెరా తరగతి పరిశోధనకి దాదాపు పనికిరాదు. బొమ్మ సరిగ్గా రాకపోయినా ఏదో చూసుకుంటాం, మాట వినపడకపోతే చేసేదేమీ లేదు. టీచరు కాలరుకి ఒక మైకు, పిల్లల మధ్య ఒకటి, టీచరును అనుసరించే కెమెరా ఒకటి, పిల్లల ముఖాల వైపు కదలకుండా ఉండేది ఇంకొకటి. కిటికీకి ఎదురుగా పెడితే ముఖాలన్నీ నల్లగా వస్తాయి, ఆ తప్పు నేనూ చేశాను. అసలు ఖర్చు పరికరాలది కూడా కాదు, మనుషులది. గంట వీడియోను నమోదు చేయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. వేల గంటల వీడియో పోగేసి చూసేవాళ్ళను పెట్టకపోతే, అది ఏదైనా గొడవ జరిగినప్పుడు మాత్రమే తెరిచే పెట్టె అవుతుంది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. మా వీడియోల్లో ముఖాలను మసక చేస్తే మేం చదవాల్సిన ప్రవర్తన కూడా పోతుంది. కాబట్టి పేరు తీసేశాం, ఇక ఫర్వాలేదు అనే మాట ఇక్కడ చెల్లదు. ఎవరు చూడవచ్చు, ఎక్కడ దాస్తారు, ఏ తేదీన చెరిపేస్తారు అన్నది రికార్డు చేయకముందే కాగితం మీద ఉండాలి. తల్లిదండ్రుల సంతకంతో సరిపెట్టకుండా పిల్లల్ని కూడా అడగాలి. వద్దన్న పిల్లవాణ్ణి తరగతి బయట కూర్చోబెట్టకూడదు, కెమెరాకు అందని బెంచీ చూపిస్తే చాలు. మేం అలాగే చేస్తాం, పెద్ద కష్టమేమీ కాదు.

నేను అడుగుతున్నది ఇది. నేర్చుకోవడానికి, పరిశోధనకి తీసిన వీడియో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళకూడదని ఉత్తర్వులో స్పష్టంగా రాయించండి. తన వీడియో ఎవరికి చూపించాలో టీచరే నిర్ణయించుకోనివ్వండి. నలుగురైదుగురు టీచర్లు కలిసి కూర్చుని ఒక పది నిమిషాల క్లిప్ చూసుకోవడానికి నెలకు ఒక పీరియడ్ ఖాళీ ఇవ్వండి. ముఖాలు చదివే సాఫ్ట్‌వేర్ టెండరును ఆపండి.

ఉత్తర్వు మీద సంతకం పెట్టేముందు ఒక చిన్న పని చేయండి సార్. మీ శాఖ సమీక్షా సమావేశం ఒకటి, పది నిమిషాలు చాలు, రికార్డు చేయించి మీరొక్కరే చూడండి. ప్రతి మూడు సెకన్లకు ఎవరు మాట్లాడుతున్నారో గీత గీయండి, 200 గీతలు అవుతాయి. మీవి ఎన్ని, అధికారులవి ఎన్ని లెక్కపెట్టండి. తర్వాతి సమావేశానికి ముందు, ఈ వీడియో చూసి ప్రమోషన్లు నిర్ణయిస్తామని అందరికీ చెప్పి, మళ్ళీ రికార్డు చేయించండి. రెండో వీడియోలో మీకు ఎదురు చెప్పినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి.

ఇట్లు,
ఒక మాజీ టీచరు