ముందువైపు స్పీకర్లు మా దుకాణంలో కాదు, మీ హాల్లో విని ఎంచుకోండి

నమస్కారం. విజయవాడలో మా ఆడియో దుకాణం తెరిచి 11 ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మా దగ్గర హోం థియేటర్ కొన్నవారికీ, ఇకముందు కొనబోయేవారికీ ఒక మార్పు గురించి చెప్పాలి. వచ్చే నెల మొదటి తేదీ నుంచి, టీవీ దగ్గర ఉండే ముందు స్పీకర్లు మార్చుకోవాలని వచ్చేవారికి డెమో గదిలో వినిపించి అక్కడికక్కడే బిల్లు రాయడం మానేస్తున్నాం. రెండు రకాల స్పీకర్లు మీ ఇంటికి పంపిస్తాం. మూడు రోజులు మీ హాల్లో, మీ సోఫాలో కూర్చుని వినండి. డబ్బు మాట ఆ తరువాతే.

ఈ నిర్ణయం వెనుక మా తప్పు ఉంది. దాన్ని దాచి, ఇదేదో పండుగ పథకం అన్నట్టు ప్రకటించడానికి నాకు మనసు ఒప్పలేదు.

కిందటి దసరాకు గుణదల నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. రిసీవరు, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, కొత్తదే కానీ, స్పీకర్లన్నీ ఎనిమిదేళ్ల కిందట ఒకే పెట్టెలో వచ్చిన చిన్న సెట్టువి. "మాటలు సరిగ్గా వినిపించడం లేదు బాబూ. పాట వస్తే తగ్గించాలి, మాట వస్తే పెంచాలి. సినిమా అయ్యేదాకా రిమోట్ కింద పెట్టడానికి లేదు" అన్నారు. నేను ఆయన్ను డెమో గదిలోకి తీసుకువెళ్లి నేల మీద నిలబెట్టే నిలువెత్తు టవర్ స్పీకర్లు ఒక జత వినిపించాను. ఆ గదిలో నేలంతా తివాచీ, గోడలకు ఫోమ్ పలకలు, కిటికీకి మందపాటి కర్టెన్లు. అందులో ఏ స్పీకరైనా బాగానే పలుకుతుంది. మాస్టారు ముచ్చటపడ్డారు. టవర్లు ఆ సాయంత్రమే ఆటో ఎక్కాయి.

సంక్రాంతి వెళ్లాక ఫోను చేశారు. "నేను మీ దుకాణంలో విన్నవీ, మీరు మా ఇంటికి పంపినవీ ఒకటేనా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది. కోప్పడి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

మర్నాడే వెళ్లాను. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న హాలు. నేలకు నున్నటి విట్రిఫైడ్ టైల్స్. ఒక పక్క బాల్కనీకి అద్దాల తలుపులు. టీవీ ఉన్న గోడకు దాదాపు నిండుగా టేకు షోకేసు. మిగిలిన జాగాలో ఎడమ టవరు మూలకు ఇరుక్కుని ఉంది. కుడి టవరుకు పూజగది తలుపు తీసినప్పుడల్లా తగులుతోంది. రెండింటికీ గాలి రంధ్రం వెనుకవైపు ఉంది, గోడకూ వాటికీ మధ్య నాలుగు అంగుళాలు కూడా లేవు. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గింగురుమని మోగింది. డప్పు దెబ్బ పడితే మూలనున్న టవరు నుంచి బాస్ ఉబ్బిపోయి మిగతా శబ్దాలను మింగేస్తోంది. మరి మాటలు పలకాల్సిన సెంటర్ స్పీకరు? పాత సెట్టులోదే. షోకేసు అడుగు అరలో, డీవీడీల వెనుక, మన మోకాళ్లవైపు చూస్తూ ఉంది.

ఆయన మాటలు వినిపించడం లేదని వచ్చారు. నేను టవర్లు అమ్మి పంపాను.

ఐదు స్పీకర్లు, బాస్ కోసమే ఉండే ఒక సబ్‌వూఫర్ కలిసిన 5.1 ధ్వనిలో సినిమా సంభాషణ చాలావరకు సెంటర్ ఛానల్లోనే ఉంటుంది. ఎడమ, కుడి స్పీకర్లకు ఎన్ని వేలు పోసినా ఆ మాటలకు ఒరిగేదేమీ ఉండదు. అందుకే ముందు స్పీకర్లు అన్నప్పుడు రెండు కాదు, మూడు అని లెక్క వేసుకోవాలి. ఆ మూడూ ఒకే కంపెనీ, ఒకే శ్రేణివి అయితే మంచిది. తెర మీద కారు ఎడమ నుంచి కుడికి దూసుకుపోతుంటే మధ్యలోకి వచ్చేసరికి దాని శబ్దం రేకు డబ్బాలో పడ్డట్టు మారిపోకూడదు కదా.

పైసా ఖర్చు లేకుండా ఈ రాత్రే చూడగలిగిన పరీక్ష ఒకటి ఉంది. రిసీవరు సెట్టింగుల్లోకి వెళ్లి సెంటర్ స్పీకరు లేదని పెట్టండి. అప్పుడు మాటలు ఎడమ, కుడి స్పీకర్లకు సమానంగా వెళ్తాయి, సోఫా మధ్యలో కూర్చున్నవారికి తెర నుంచే వస్తున్నట్టు వినిపిస్తాయి. మాటలు ఒక్కసారిగా తేటపడితే మీ ఇబ్బంది సెంటర్ స్పీకరుతోనో, దాన్ని పెట్టిన చోటుతోనో అన్నమాట. టవర్లు కొనాలన్న ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి. అయితే నలుగురు కూర్చునే ఇంట్లో ఇది శాశ్వతంగా పనికిరాదు. పక్కకు కూర్చున్నవారికి మాట తెర వైపు నుంచి కాక దగ్గరున్న స్పీకరు నుంచే వస్తుంది.

సెంటర్ స్పీకరును ఎంచుకోవడంలోనూ మన ఇళ్లకు సంబంధించిన ఒక విషయం ఉంది. ఎక్కువ కంపెనీలు రెండు వూఫర్లను (కింది స్వరాలు పలికేవి) అడ్డంగా పరిచి మధ్యలో ట్వీటర్ (పై స్వరాలు పలికేది) పెడతాయి. టీవీ కింద చక్కగా ఇముడుతుంది. కానీ ఒక పక్కన కూర్చుంటే రెండు వూఫర్ల నుంచి వచ్చే శబ్దం వేర్వేరు దూరాలు ప్రయాణించి చెవికి చేరుతుంది, కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సోఫాలో ముగ్గురు, పక్క దివాన్ మీద ఇద్దరు, కింద చాప మీద పిల్లలు ఉండే మన హాళ్లలో ఇది బాగా తెలుస్తుంది. ట్వీటరును వూఫరు మధ్యలోనే అమర్చిన కోయాక్సియల్ రకంలోనూ, ట్వీటరును మధ్య స్వరాలు పలికే మిడ్‌రేంజ్ డ్రైవరు నెత్తిన నిలువుగా పెట్టిన రకంలోనూ ఈ లోపం బాగా తక్కువ. కోయాక్సియల్ రకాన్ని కెఫ్ కంపెనీ 1988 నుంచి యూని-క్యూ పేరుతో చేస్తోంది. ఇతర కంపెనీలవీ ఉన్నాయి. మా దగ్గర ఇకపై రెండు రకాలూ ఉంటాయి. పక్క సీట్లో కూర్చుని పోల్చి చూడండి.

ఇక టవర్ల విషయం. అరలో పట్టేంత చిన్నవైన బుక్‌షెల్ఫ్ స్పీకర్ల కంటే టవర్ల జత మీద మాకు మిగిలేది ఎక్కువ. నిలువెత్తు స్పీకర్లు చూసి కొనేవారికి కూడా ఇచ్చిన డబ్బుకు ఏదో వచ్చిందన్న తృప్తి ఉంటుంది. అందుకే రెండేళ్లుగా మేము వాటినే ముందు చూపించాం. అసలు సంగతి వేరు. మీ ఇంట్లో సబ్‌వూఫర్ ఉంటే, రిసీవరులో క్రాసోవర్ (శబ్దాన్ని పంచే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే, అంతకంటే కింది శబ్దమంతా సబ్‌వూఫర్‌కు వెళ్లిపోతుంది. సినిమా ధ్వనికి నాణ్యతా ప్రమాణమైన టీహెచ్‌ఎక్స్‌లోనూ అదే అంకె. టవరు అడుగున ఉన్న అదనపు వూఫర్లకు అప్పుడు పెద్దగా పని ఉండదు. ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న మంచి బుక్‌షెల్ఫ్ జత స్టాండ్ల మీద నిలబడి ఆ పనంతా చేస్తుంది. పైగా దాన్ని గోడకు ఎడంగా జరుపుకోవడం సులువు. పెద్ద డూప్లెక్స్ హాలు ఉన్నవారికీ, సబ్‌వూఫర్ లేకుండా గంటల తరబడి పాటలు వినేవారికీ టవర్లే సరైనవి. వారికి సంతోషంగా అమ్ముతాను, కానీ హాలు చూశాకే.

దుకాణంలోకి రాగానే పదిమందిలో తొమ్మిదిమంది అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. స్పీకరు వెనుక రాసిన వాట్లు అది తట్టుకోగలిగిన శక్తిని చెబుతాయే కానీ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పవు. దానికి చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే డెసిబెల్‌లో రాసే అంకె. ఒకే శక్తికి ఒక మీటరు దూరంలో 84 డెసిబెల్ ఇచ్చే స్పీకరు, 90 డెసిబెల్ ఇచ్చే స్పీకరంత గట్టిగా పలకాలంటే నాలుగు రెట్లు శక్తి కావాలి. ఎందుకంటే ప్రతి 3 డెసిబెల్‌కూ శక్తి రెట్టింపు కావాలి. రిసీవరు పెట్టె మీది అంకెనూ అలాగే నమ్మకండి. ఒక్క ఛానల్‌నే నడిపి, ఎక్కువ డిస్టార్షన్‌కు (శబ్దం చెడిపోవడానికి) ఒప్పుకుని కొలిచిన అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తారు. 8 ఓంల స్పీకర్లతో, రెండు ఛానళ్లు నడుపుతూ, 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కొలిచిన అంకె లోపలి కాగితాల్లో ఉంటుంది. పోల్చడానికి అదే పనికొస్తుంది. రిసీవరు చిన్నదైతే 4 ఓంల స్పీకర్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. మన వేసవిలో మూసిన షోకేసులో అది వేడెక్కి దానంతటదే ఆగిపోవచ్చు.

కేబుల్ గురించి ఒక్క మాట. అసలైన రాగి తీగ, 1.5 చదరపు మిల్లీమీటర్లది, మామూలు హాలుకు చాలు. 4 ఓంల స్పీకర్లకో, చాలా దూరానికో 2.5 వేసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ వద్దు. వేలకు వేలు పలికే కేబుళ్లను మా అరల్లోంచి తీసేశాం.

మాస్టారి ఇంట్లో ఏం చేశామంటే, టవర్లు పూర్తి ధరకు వెనక్కి తీసుకున్నాం. ఒకే శ్రేణికి చెందిన బుక్‌షెల్ఫ్ జత, సెంటర్ స్పీకరు, స్టాండ్లు ఇచ్చాం. ఆయన కూర్చునే చోటు టీవీకి 10 అడుగులు. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య 8 అడుగులకు పైగా ఎడం వచ్చేలా, ట్వీటర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు వచ్చేలా నిలబెట్టాం. సెంటర్ స్పీకరును టీవీ కింది అర అంచు దాకా లాగి, కింద రబ్బరు ముక్కలు పెట్టి ముఖాల వైపు ఎత్తాం. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ పరిచారు, అద్దాల తలుపులకు కర్టెన్లు వేయించారు. రిసీవరుతో వచ్చిన మైకుతో మళ్లీ కొలతలు తీశాం. మొత్తం లెక్క చూస్తే టవర్ల కంటే తక్కువే అయింది, మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చాను. వారం తరువాత ఫోను చేస్తే, ఇప్పుడు రిమోట్ బల్ల మీదే ఉంటోందని చెప్పారు.

ఆ తరువాత, గత రెండేళ్లలో మా దగ్గర టవర్లు కొన్న మిగతావారికి ఒక్కొక్కరికే ఫోను చేశాను. ఇప్పటిదాకా 14 ఇళ్లకు వెళ్లాను. 9 ఇళ్లలో టవర్లు మూలల్లోనే ఉన్నాయి. పటమటలో ఒకరింట్లో ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారుగా బిగించి ఉన్నాయి. అలా బిగిస్తే రెండు స్పీకర్ల బాస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. బిగించింది మా అబ్బాయే, సరిచూడాల్సింది నేను. ఏడాదిన్నర పాటు ఆ కుటుంబం పలుచటి శబ్దమే విన్నది. వారికి క్షమాపణ చెప్పాను, ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

కొత్త పద్ధతి ఇలా ఉంటుంది. విజయవాడలో వారంలో ఏ రోజైనా, గుంటూరు, తెనాలి, గుడివాడ వైపు మంగళవారాల్లో స్పీకర్లు తెచ్చి అమర్చి వెళ్తాం. కొంత డిపాజిట్ తీసుకుంటాం, స్పీకర్లు తిరిగి రాగానే ఇచ్చేస్తాం. ఏదీ నచ్చకపోతే రవాణా ఖర్చు మాత్రమే మీది. మీరు వినేవి డెమో జతలు, కొంటే సీలు తీయని పెట్టె వస్తుంది. మేము ముగ్గురమే కాబట్టి వారానికి నాలుగు ఇళ్లకు మించి చేయలేం, దసరా నెలలో ఆలస్యం తప్పదు.

రెండేళ్లలోపు మా దగ్గర టవర్లు కొన్నవారి ఇంటికి ఉచితంగా వచ్చి సరిచేస్తాం. చాలా ఇళ్లలో స్పీకర్లను జరపడంతోనే సరిపోయింది. అయినా మార్చుకోవాలనుకుంటే, ఏడాదిలోపు కొన్నవాటికి బిల్లు ధరలో 80 శాతం, అంతకంటే పాతవాటికి 60 శాతం లెక్కకట్టి తీసుకుంటాం. మాస్టారికి ఇచ్చినట్టు అందరికీ పూర్తి ధర ఇవ్వాలని ఉంది, కానీ దుకాణం తట్టుకోలేదు.

వచ్చేటప్పుడు హాలు పొడవు, వెడల్పు, టీవీ నుంచి సోఫాకు దూరం కొలిచి రాసుకుని రండి. టీవీ గోడను ఫోనులో ఫొటో తీయండి, తలుపులూ కిటికీలూ కనిపించేలా. రిసీవరు మోడల్ పేరు కూడా కావాలి. మాటలు అర్థంకాక మీరు వెనక్కి తిప్పి తిప్పి చూసిన సన్నివేశం ఏ సినిమాలో, ఎన్నో నిమిషంలో ఉందో గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో స్పీకర్లు అమర్చాక ముందుగా అదే పెడతాం.