పెదవులు కలవని భాష

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం, దాంతోపాటు నవల మొదటి అధ్యాయాలు అందాయి. ఒక్క బిగిన చదివేశాను. మడ అడవుల్లో పడవల మీద బతికే ఆ జనం, ఆటుపోట్లు చూసి రోజు లెక్కపెట్టుకునే ఆ పద్ధతి, కింది పెదవికి శంఖపు ముక్క గుచ్చుకునే ఆచారం, అన్నీ కళ్లకు కట్టినట్టు రాశావు. చివర్లో మాత్రం "వాళ్ల భాషలో ఓ పాతిక మాటలు కనిపెట్టి పంపరా, అక్కడక్కడా చల్లుకుంటాను" అన్నావు చూడు, అక్కడ నాకు నిద్ర పోయింది. పాతిక మాటలు పంపడం నిమిషాల పని. కానీ వాటి వెనక భాష లేకపోతే అవి ఉత్త చప్పుళ్లుగా మిగిలిపోతాయి. నీ కథకి అంతకన్నా మంచిది దక్కాలి. అందుకే మాటలు తర్వాత చేద్దామని ముందు శబ్దాల దగ్గర కూర్చున్నాను.

నువ్వే దారి చూపించావు తెలుసా? ఆ శంఖపు ముక్క! కింది పెదవికి అంత ముక్క వేలాడుతుంటే ప, బ, మ అనడం ఇబ్బంది. పలకలేరని కాదు, కొన్ని తరాలు గడిచేసరికి నలుగురిలో పెదవులు మూసి మాట్లాడటమే మర్యాద కాదన్న భావం ఏర్పడుతుంది. అంటే వాళ్లది ఓష్ఠ్యాలు, అదే పెదవులతో పలికే శబ్దాలు, లేని భాష. ఇది నేను గాల్లోంచి తీసింది కాదు. ఉత్తర అమెరికాలో మోహాక్, వనైడా లాంటి ఇరొక్వాయ్ భాషల్లో సొంత మాటల్లో ప, బ, మ ఉండవు. మోహాక్ పిల్లలు తల్లిని "ఇస్తా" అంటారు. మ లేకుండా అమ్మని పిలిచే భాష ఈ భూమ్మీద ఉందంటే నీ జనానికి ఇక అడ్డేముంది?

పైగా ఇది మన సొంత సరదా కూడా కదా. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు గుర్తున్నాడా? ప్రియురాలి పంటిగాట్లకి పెదవులు నొప్పిగా ఉన్నాయని కథంతా ఓష్ఠ్యాలు లేకుండా చెప్తాడు. మన మరింగంటి సింగరాచార్యులు రామకథనే నిరోష్ఠ్యంగా రాశాడు. కావ్యం పేరు "దశరథరాజనందన చరిత్ర". రామ అంటే మకారం వచ్చేస్తుంది, అందుకే పేరులో కూడా ఆయన్ని దశరథుడి కొడుకనే అన్నాడు. ఈ మధ్య ఆ పేరు గుర్తొచ్చినప్పుడల్లా పైకి అనుకుంటున్నాను. పెదవులు ఒక్కసారి కూడా తగలవు.

అచ్చుల దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. మన వ్యాకరణం ప్రకారం ఉ, ఊ కూడా ఓష్ఠ్యాలే, ఒ, ఓ సగం ఓష్ఠ్యాలు, వ దంతోష్ఠ్యం, అంటే పంటికి పెదవి తగిలి పుట్టేది. అన్నీ తీసేస్తే అ, ఇ, ఎ మిగులుతాయి. కానీ మూడే అచ్చులున్న భాషల్లో మామూలుగా కనిపించేవి అ, ఇ, ఉ. ప్రాచీన అరబ్బీ అంతే, దక్షిణ అమెరికాలోని క్వెచువా అంతే. నోట్లో ఒకదానికొకటి దూరంగా ఉండే మూలల్ని భాష ఇష్టపడుతుంది, ఉ లేకపోతే వెనక మూల ఖాళీ అవుతుంది. చివరికి ఉ ఉంచేశాను, పెదవులు గుండ్రంగా చేయకుండా. జపాన్ వాళ్లు ఉ అనేటప్పుడు పెదవులు ముందుకి పెద్దగా రావు. తమిళుల మాటల చివర వచ్చే ఉ కూడా అలాంటిదే. నువ్వు ఇప్పుడే అద్దం ముందు నిలబడి, నవ్వుతున్నట్టు పెదవులు పక్కలకి లాగి ఉ అను. వస్తుంది చూడు, అదే.

హల్లుల్లో త, ద, క, గ, చ, స, హ, న, ర, ల, య తీసుకున్నాను. వీటికి తోడు ఒకటి ఉంది, అది నాకు మరీ ఇష్టం. మనం అక్షరమాలలో వల్లించి జన్మలో మళ్లీ విడిగా రాయని ఙ. మన నోట్లో అది "వంకాయ"లో సున్నాగా దాక్కుంటుంది. మలయాళీలు మామిడికాయని "మాఙ్ఙ" అంటారు, వియత్నాంలో అయితే చాలామంది ఇంటిపేరే దానితో మొదలవుతుంది, ఙుయెన్ అని. మాట మొదట్లో ఙ వచ్చిందంటే చదివేవాడి నాలుక ఒక్క క్షణం ఆగుతుంది. ఇది మన ఊరు కాదని ఆ ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

ఒక విషయంలో మాత్రం నీతో గట్టిగా చెప్పాలి. రెండో అధ్యాయంలో ఎగువ తెగవాళ్లకి పెట్టిన పేర్లు చూశాను. అన్నీ ఘ, ఢ, ర్ర. చెడ్డవాళ్లకి ఒత్తి పలికే మహాప్రాణాలు, మంచివాళ్లకి ల, న అన్న పద్ధతి నాకు నచ్చదు బావా. శబ్దానికి గుణం అంటగట్టడం అన్యాయం. బాహుబలిలో కాలకేయుల కోసం మదన్ కార్కి చేసిన కిలికి భాష గుర్తుందిగా, 2015లో ఊరంతా ఆ టకటకలు అనుకరించారు. తెరమీద భయపెట్టింది నిజమే. కానీ నాలుకతో చేసే అలాంటి శబ్దాలు దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషల్లో మామూలు హల్లులు, తల్లులు వాటితోనే జోల పాడతారు. మనం కూడా జాలిపడితే "ట్చ్ ట్చ్" అంటాం కదా, మనకది అక్షరం కాలేదు, అంతే. ఎగువవాళ్ల భాష వేరేగా ఉండాలంటే వాళ్లకి ప, బ, మ ఇచ్చేయ్. మీ వాళ్లకి లేనివే అవి. తేడా దానంతట అదే వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొదట్లో నేను నేరుగా ఇవాళ్టి భాషనే చేయాలనుకున్నాను. ఎస్పెరాంతో అనే కృత్రిమ భాష అలాగే పుట్టింది. జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించినప్పుడు నియమాలు పదహారే, మినహాయింపులు లేవు. అందరూ తొందరగా నేర్చుకోవాలన్నది ఆయన ఆశయం, దానికి ఆ పద్ధతే సరైంది. కానీ నీ జనం తమ భాషని ఎవరికో నేర్పడానికి చేసుకోలేదు. తాతల నోట అరిగి అరిగి వచ్చింది. అరుగుదల కనిపించాలి. నవలా రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫులనే జాతి భాషలకి చేసింది అదే. ఒక మూలభాష పెట్టుకుని, దాన్నుంచి ధ్వనులు మారుతూ రెండు భాషలు విడిపోయినట్టు లెక్క కట్టాడు. ఒకదాంట్లో ఫిన్నిష్ వాసన, ఇంకోదాంట్లో వెల్ష్ వాసన.

మనకి ఇలాంటి లెక్కలు పక్క రాష్ట్రంలోనే దొరుకుతాయి. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి, పువ్వు హూవు. పంప హంపి అయింది అందుకే. అంటే పాత ప అక్కడ హ అయిపోయింది. మన వైపు ఇంకోటి జరిగింది. ఇ, ఎ ల ముందు క కాస్తా చ అయింది. వాళ్లకి కివి, మనకి చెవి. వాళ్లకి కెరె, మనకి చెరువు. నేను ఈ రెండిటినీ అరువు తెచ్చుకున్నాను. పెదవులు కుట్టకముందు నీ జనం పూర్వీకులకి ప, మ, వ ఉండేవి అనుకో. ముందు ఇ, ఎ ల ముందు క అన్నది చ అయింది. తర్వాత ఆచారం వచ్చి ప హ అయింది, మ ఙ అయింది, వ గ అయింది. ఆ తర్వాత మాట చివరి పొట్టి అచ్చు రాలిపోయింది, పొడుగు అచ్చు పొట్టిదైంది. ఇక చూడు.

పాత భాషలో ఒక పడవ "పకి", చాలా పడవలు "పకా". ఒక తెడ్డు "తని", చాలా తెడ్లు "తనా". ఎంత శుభ్రంగా ఉందో కదా, చివర ఇ అయితే ఒకటి, ఆ అయితే చాలా. ఇప్పుడు వరసగా నియమాలు నడిపించు. తని అరిగి "తన్", తనా "తన". బాగానే ఉంది. పకి ముందు పచి, తర్వాత హచి, చివరికి "హచ్". పకా మాత్రం ఇ లేదు కాబట్టి క క గానే ఉండి "హక" అయింది. ఒక పడవ హచ్, చాలా పడవలు హక! ఈ తిరకాసుని నేను పెట్టలేదు, దానంతట అదే వచ్చింది. కాగితం మీద అది తేలినప్పుడు లేచి గదంతా తిరిగాను. మన చేయి, చేతులు కూడా, కన్ను, కళ్లు కూడా ఇలాంటి అరుగుదల గుర్తులే. తెలుగు నేర్చుకునేవాళ్లని ఏడిపించేవి అవే, ఇది ఎవరో కూర్చుని చేసిన భాష కాదని చూపించేవీ అవే.

నీ నాయిక "మారిపి"కి కూడా ఇదే వర్తిస్తుంది. సొంతవాళ్ల నోట ఆవిడ "ఙారిహ్" అవుతుంది. పాత పేరు పారేయకు. పెదవి ఆచారం లేని ఎగువవాళ్లు ఇంకా మారిపి అనే పిలుస్తారు. ఎవరు ఏ పేరుతో పిలిచారో చూస్తే చాలు, పిలిచినవాడు ఎవరో పాఠకుడికి తెలిసిపోతుంది.

వాక్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. మనకి క్రియ చివర, వాళ్లకి మొదట. వెల్ష్‌లో, హవాయి భాషలో అలాగే ఉంటుంది. క్రియ ముందుకొస్తే మన విభక్తుల్లాంటివి కూడా నామవాచకం ముందుకి వెళ్లాలి. భాషాశాస్త్రవేత్త గ్రీన్‌బర్గ్ 1963లో ప్రపంచ భాషల్ని పోల్చి చూపించిన సంగతుల్లో ఇదొకటి. స్టార్ ట్రెక్ సినిమాల కోసం క్లింగాన్ భాష చేసిన మార్క్ ఓక్రాండ్ కావాలనే కర్మ, క్రియ, కర్త అనే అరుదైన వరస పెట్టాడు, వాళ్లు గ్రహాంతరవాసులు కాబట్టి. నీవాళ్లు మనుషులే, అంత దూరం పోనక్కర్లేదు. కుడి, ఎడమ వాళ్లకి లేవు, సముద్రం వైపు, గట్టు వైపు అంతే. మా అమ్మమ్మ "కాస్త తూర్పుకి జరుగు" అనేది కదా, అలాగే. ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ వాళ్లు ఒంటి మీద వాలిన చీమని కూడా దిక్కుతోనే చెప్తారు.

ఇంక ఒక్కచోట మాత్రం నేను చాలాసేపు ఉండిపోయాను. ఏ వ్యాకరణమైనా మాట్లాడేవాణ్ని ఏదో ఒకటి చెప్పి తీరమంటుంది. తెలుగులో "మేము వెళ్తాం" అనాలా "మనం వెళ్తాం" అనాలా అని తేల్చుకోకుండా నోరు తెరవలేం, ఎదుటివాణ్ని కలుపుకున్నావో లేదో చెప్పాల్సిందే. నీ జనం విషయంలో ఏం చెప్పి తీరాలి? నాకు తోచింది ఇది. ప్రతి క్రియకీ, ఆ సంగతి నీకెలా తెలుసో చెప్పాలి. చూశావా, విన్నావా, ఆనవాళ్లు చూసి ఊహించావా? మనకి "వచ్చాడట" ఉంది, కానీ ఇష్టమైతే పెడతాం, లేకపోతే లేదు. అండీస్ కొండల్లో క్వెచువా మాట్లాడేవాళ్లు స్వయంగా తెలిసినదానికి ఒక ప్రత్యయం, విన్నదానికి ఇంకో ప్రత్యయం వాడతారు. పొగమంచులో పడవలు నడిపేవాళ్లకి ఇది ప్రాణాలకి సంబంధించిన సంగతి. ముందు ఇసుక మేట ఉందంటే, ఉందని చూసి చెప్తున్నావా, ఎవరో అంటే చెప్తున్నావా?

ఈ ప్రత్యయాల్ని కూడా పాత మాటలు అరగదీసి చేశాను. "తినేశాడు"లో "వేశాడు" ఉన్నట్టు. అక్కడ వేయడం ఏమీ మిగల్లేదు చూడు, పని పూర్తయిందన్న సూచన మిగిలింది. మునగడం పాత భాషలో "సివ", ఇప్పుడు "సిగ్". చూడటం "నా", వినడం "కే", పడి ఉండటం "లీ". క్రియ వెనకాల చేరి అవి న, చె, లి అయిపోయాయి. ఇప్పుడు పడవ మునిగిందని మూడు రకాలుగా చెప్పొచ్చు.

సిగ్న హచ్. మునిగింది, నా కళ్లతో చూశాను.
సిగ్చె హచ్. మునిగిందట.
సిగ్లి హచ్. చెక్కలు తేలుతున్నాయి, మునిగే ఉంటుంది.

ఇప్పుడు నీ నాలుగో అధ్యాయం తీసి చూడు. ఆ ముసలాయన పంచాయితీలో నిలబడి మారిపి వాళ్ల అన్నయ్య పడవ మునిగిందని చెప్తాడు. ఆయన చూడలేదని పాఠకుడికి తెలుసు. తెలుగులో ఆయన ఒట్టి "మునిగింది" అంటే తప్పించుకోవచ్చు. వాళ్ల భాషలో ఆ సందు లేదు. నోరు తెరిస్తే సిగ్న అనాలి, లేదా సిగ్చె అనాలి. ఆయన "సిగ్..." అని ఆగి, ఒక్క ఊపిరి పీల్చి "న" అన్నాడనుకో, సభంతా ఆ అక్షరం కోసమే చెవులు రిక్కించి ఉంటుంది. నువ్వు అక్కడ రెండు పేజీల వర్ణన రాశావు. నామాట విని దాన్ని తగ్గించు, ఆ ఒక్క అక్షరం చాలు. ముందు అధ్యాయాల్లోనే పిల్లలు తెడ్ల గురించి తగువులాడుకునే చోట న, చె తేడా పాఠకుడికి అలవాటు చేసి పెట్టు, అప్పుడు వివరించే పని ఉండదు.

అడిగిన పాతిక మాటలు వేరే కాగితం మీద రాసి దీంతోపాటు పెట్టాను, పాత రూపం, కొత్త రూపం పక్కపక్కనే. నీకు కొత్త మాట కావాల్సి వస్తే పాత రూపం నుంచే మొదలుపెట్టి నియమాలు వరస తప్పకుండా నడిపించు. వరస మారితే మాట మారిపోతుంది. తిట్లు ఇంకా చేయలేదు. వాళ్లు దేనికి భయపడతారో, దేన్ని పవిత్రం అనుకుంటారో నువ్వు చెప్తేనే అవి చేయగలను.

ఒకటి మాత్రం తొందరగా రాయి. శంఖపు ముక్క గుచ్చేది పుట్టగానేనా, కాస్త ఊహ తెలిశాకా? నీ అధ్యాయాల్లో రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఊహ తెలిశాకే అయితే అంతవరకూ పిల్లలకి ప, మ అనడానికి అడ్డు లేదు. ఒళ్లో పిల్ల "మ మ" అంటుంది, ఏ దేశంలో అయినా పిల్లలకి తేలిగ్గా వచ్చేవి అవే. పెద్దయ్యాక ఆ శబ్దాలు వదిలేయాలి. అప్పుడు పిల్లల భాష ఒకటి, పెద్దల భాష ఒకటి అవుతుంది, మారిపి అన్న పేరు ఎగువవాళ్ల నోట్లోనే కాదు, వాళ్లమ్మకి చిన్నప్పటి పిలుపుగా కూడా మిగిలి ఉంటుంది. అదే అయితే మాటల పట్టీ సగం మళ్లీ రాయాలి. నేను సిద్ధమే, నువ్వు ఏ సంగతో తేల్చు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

ఉంటాను,
నీ బావ