సిరొంచలో ఉన్న అమ్మికి

కర్నూలు

అమ్మీ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండ మండుతాంది, హంద్రీలో చుక్క నీళ్లు లేవు. నీకు జ్వరమని లక్ష్మత్త కొడుకు ఎవరితోనో అన్నాడంట. నేను నమ్మలే, మీ అమ్మ నమ్మింది. సరే, ఆ సంగతి వదిలెయ్.

తవ్వకంలో డైనోసార్ తొడ ఎముక బయటపడిందన్నావు కదా, తొందరపడొద్దు. ఆ పక్కనే పోచంపల్లిలో 1958లో మొదలై 1961 దాకా బారపాసారస్ అనే పొడుగుమెడ డైనోసార్‌ను తవ్వినారు. 300 దాకా ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, పెద్ద పెద్ద మానులతో కలిసి పడి ఉన్నాయి. వరద తెచ్చి పోగేసిన కుప్ప అన్నమాట. ఒక్క తొడ ఎముకే దాదాపు 1.7 మీటర్లు. ఇన్ని దొరికినా తల మాత్రం లేదు, వట్టి పళ్లు. యామన్‌పల్లిలో దొరికిన ఇంకో పొడుగుమెడ డైనోసార్ కోటసారస్‌దీ అదే కథ: 840 ముక్కలు, పుర్రె సున్నా. ఈ పొడుగుమెడ జంతువుల పుర్రె తేలిక, చచ్చినాక ముందు ఊడి కొట్టుకుపోయేది అదే. అందుకే తవ్విన మట్టి పారబోయొద్దు, జల్లెడ పట్టు. పన్ను చెంచా ఆకారంలో ఉంటుంది.

జ్వరం లేదు కదా? ఉంటే రక్తపరీక్ష చేయించు, మాత్ర మింగి మళ్లీ ఎండలోకి పోవద్దు.

ఎముకను ప్లాస్టర్ కట్టు కట్టి తీయాలి కదా, ముందు దాని చుట్టూ గుంత తీసి మట్టి దిమ్మె మీద నిలబెట్టు. తడి ఆరకుండా పారలాయిడ్ (ఎముకను గట్టిపరిచే జిగురు) పూస్తే తెల్లగా పొర కడుతుంది. తర్వాత తడి టిష్యూ కాగితం అద్దు. అది లేకుంటే ప్లాస్టర్ ఎముకనే పట్టుకుంటుంది, విప్పేటప్పుడు పైపొర ఊడొస్తుంది. ప్లాస్టర్ కలిపేటప్పుడు నీళ్లలో పొడి చల్లాలి. పొడిలో నీళ్లు పోస్తే గడ్డలే. పది నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి అందులో ముంచే గోనె పట్టీలు ముందే కత్తిరించి పెట్టుకో. పొడుగెముకకు పైన కర్రలు కట్టి ఇంకో పొర వెయ్. పట్టీ అంచు ఎముక కింది వంపు దాకా మలుచు. అందరూ చెడగొట్టేది ఇక్కడే: పైపైన చుట్టి తిప్పితే ఎముక జారి ముక్కలవుతుంది. నంబరు, ఉత్తరం దిక్కు బాణం తిప్పకముందే రాయి.

నీకు తెలీదని కాదు, చెప్పకుండా ఉండలేను.

సిగ్నల్ లేకుంటే సంతకు పోయేవాళ్లతోనన్నా ఒక్క మాట చెప్పించు. మీ అమ్మ రాత్రుళ్లు ఫోన్ దిండు కింద పెట్టుకుంటాంది. దోమతెర కట్టుకో, నీళ్లు కాంచి తాగు. జొన్న రొట్టెలు, శెనిక్కాయల పొడి పంపినాం. పొడిలో తడి చెంచా పెట్టొద్దు, బూజు పడుతుంది.

మీ నాయన