సంగీతం సార్ శ్రుతుల పుస్తకం

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ప్రతి నెలా ఈ లేఖ పరీక్షల తేదీలతో, సెలవులతో మొదలవుతుంది. ఈసారి అవన్నీ వెనుక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మన సంగీతం సార్‌ది.

గత నెలలో ఆయన ప్రభువునందు నిద్రించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ రోజు కడప ఎండ నిప్పులు కురుస్తున్నా సమాధుల తోటలో నిలబడటానికి చోటు లేదు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక మన పిల్లలు పాడారు. హార్మోనియం లేదు, ఎత్తుగడ అందించే మనిషి లేడు. అయినా నలభై మంది ఒకే శ్రుతిలో అందుకున్నారు. ఎలా కుదిరిందని తర్వాత ఒక తొమ్మిదో తరగతి అమ్మాయిని అడిగాను. "సార్ గొంతు చెవిలోనే ఉంది మేడమ్" అంది.

ఆయనకు సంగీతం రెండు దారుల్లో వచ్చింది. మొదటిది చర్చి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచినవారికి తెలుసు, కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. చిన్నతనంలో ఆ పేర్లు చదివి, వాటికి అర్థమేమిటని కనిపించిన పెద్దలందరినీ అడిగేవాడినని చెప్పేవారు. అర్థం చెప్పగల గురువు చివరికి నాటకాల్లో దొరికారు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించి వయసు మళ్లిన ఒక పెద్దాయన సరళీ వరుసల దగ్గర నుంచి ఓపికగా నేర్పి, పోయే ముందు తన పెట్టెను శిష్యుడి చేతిలో పెట్టారు. సురభి నాటకాలు 1885లో పుట్టింది మన కడప జిల్లాలోనే. మన పిల్లలు ఇన్నేళ్లూ పాడింది అలాంటి నాటకాల రాత్రులు చూసిన పెట్టె ముందు. తిత్తికి ఎన్ని అతుకులు పడినా ఆయన కొత్తది కొననివ్వలేదు.

క్రైస్తవుడైన మాస్టారు అన్నమయ్య సంకీర్తనలు నేర్పిస్తారా అని ఒక తండ్రి ఓసారి నన్ను అడిగారు. ఆ ప్రశ్న సార్‌కు చేరవేస్తే, "తాళ్లపాక ఇంత దగ్గర పెట్టుకుని నేర్పకపోతే తప్పు కదా మేడమ్" అన్నారు. మరుసటి నెలలోనే ఏడో తరగతి పిల్లలను రాజంపేట దగ్గరి తాళ్లపాకకు తీసుకెళ్లారు. అన్నమయ్య (1408–1503) పాటలను రాగిరేకుల మీద చెక్కించారని, అవి తిరుమల ఆలయంలో చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండిపోయాయని చెప్పారు. అంతటితో వదల్లేదు. తిరిగి వచ్చాక ఒక్కో జట్టుకు ఒక రేకుముక్క, ఒక మేకు ఇచ్చి, తమకు నచ్చిన పల్లవి చెక్కమన్నారు. ఒక్క పాదానికే సగం పూట పట్టింది. ఆ తర్వాత పాట మాటలు తప్పు పాడిన పిల్లవాడు ఆ తరగతిలో లేడు. పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో కవ్వాలీ వినడానికి కూడా ఆయన తప్పకుండా వెళ్లేవారు. అక్కడా హార్మోనియమే కదా.

ఇక సార్ శ్రుతుల పుస్తకం గురించి. నల్ల అట్ట, పొడుగాటి రూళ్ల పుస్తకం. హార్మోనియం తెల్ల మెట్లను ఒకటి, రెండు, మూడు అని లెక్కిస్తారు, మధ్యలో వచ్చే నల్ల మెట్టు అర. ఏ పిల్లవాడి గొంతు ఏ మెట్టు దగ్గర హాయిగా నిలుస్తుందో, అదే వాడి శ్రుతి. దాన్ని వెతికి, పేరు పక్కన రాసేవారు. 'నాలుగు', 'ఐదున్నర', 'ఐదు'. బడిలో చేరిన ప్రతి బిడ్డకూ ఒక వరుస ఉంది. "వీడికి పాట రాదు" అని మీరు ముందే చెప్పి పంపిన పిల్లలకు కూడా ఉంది. అలాంటివారిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని, పెట్టెను పక్కన పెట్టి, వాళ్లు ఎక్కడ మొదలుపెడితే అక్కడికి ఆయనే దిగి వచ్చేవారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిల దగ్గర ఆ పుస్తకం మరీ చూడవలసింది. ఆ వయసులో స్వరపేటిక పెరిగి గొంతు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. పాడుతుంటే విరుగుతుంది, పక్కవాళ్లు నవ్వుతారు, ఆ నవ్వుకు జడిసి చాలామంది జీవితంలో మళ్లీ పాడరు. సార్ వాళ్లను వరుసలోంచి తప్పించేవారు కాదు. కొన్నాళ్లు తాళం వేయమనేవారు, సన్నగా కలిసి పాడమనేవారు. గొంతు కుదుటపడ్డాక 'ఐదున్నర' కొట్టేసి కింద 'ఒకటిన్నర' అని రాసి, పక్కన తేదీ వేసేవారు. "పెద్దవాడివయ్యావు నాయనా" అని ఆ అబ్బాయికి చూపించేవారు కూడా.

ఆయన మీద నాకు ఒకప్పుడు కోపం ఉండేది. వార్షికోత్సవం దగ్గరపడినా సాయంత్రం ఆరు దాటితే ఉండేవారు కాదు. "ఇంట్లో ప్రార్థన ఉంది మేడమ్" అనేవారు. ఒకసారి ఆయనకు ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వెళ్లాను. సరిగ్గా ప్రార్థన వేళ. భార్య, ఇద్దరు కూతుళ్లు, చూపు పోయిన తల్లి చాప మీద కూర్చున్నారు. ఆ పెద్దావిడ కీర్తన మొత్తం నోటికే పాడుతున్నారు, ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని. సార్ వేళ్లు మెట్ల మీదే ఉండేవి, ఆమె పాదం పూర్తయ్యేదాకా కదిలేవి కావు. ఎవరూ ముందుకు పోలేదు. మనుమరాళ్లు కూడా నానమ్మ కోసం ఆగారు. ఆ రోజు తర్వాత ఆయన్ను ఆరు దాటి ఉండమని నేను అడగలేదు.

ఉదయం అసెంబ్లీలో ఆయన చేతి గడియారం చూస్తూ జాతీయ గీతాన్ని 52 సెకన్లలో పాడించడం మీరూ చూసి ఉంటారు. 1919లో రవీంద్రుడు మదనపల్లెలో ఉండగా ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారని, అక్కడే కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కట్టి రాశారని ఏటా కొత్త పిల్లలకు చెప్పేవారు. మన పొరుగూరి గొప్ప అది అని ఆయన మురిపెం.

పదో తరగతికి సంగీతం పీరియడ్ తీసేసింది నేనే, లెక్కల కోసం. వారానికి ఒక్కటైనా ఉంచమని ఆయన రెండుసార్లు వచ్చి అడిగారు. చూద్దాం అన్నాను, చూడలేదు. అది నన్ను బాధిస్తోంది. వచ్చే సోమవారం నుంచి పదో తరగతికి బుధవారం చివరి పీరియడ్ సంగీతమే. పరీక్షలు ముగిసేదాకా అది మారదు.

ఆయన కుటుంబాన్ని ఓదార్చడానికి జరిగిన ఆదరణ కూడిక రోజున ఆయన భార్య ఆ నల్ల అట్ట పుస్తకాన్ని నా చేతికిచ్చారు. ఇప్పుడది ఆఫీసు గదిలో, హార్మోనియం పక్కన ఉంది. పాత పేజీల్లో ఇదే బడిలో చదివి, ఇప్పుడు పిల్లలను ఇక్కడికే పంపుతున్న మీలో కొందరి పేర్లు కనిపించాయి. ఏ రోజైనా నాలుగు తర్వాత రండి. మీ శ్రుతి ఎంతో చూసుకోవచ్చు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు