గ్రహాల ఫొటోలకు తేలికపాటి మౌంట్ చాలు

సంపాదకుల వారికి,

నమస్కారం. టెలిస్కోపు కొనదలచిన వారికోసం మీ పత్రిక విజ్ఞాన పేజీలో ఇటీవల వచ్చిన సూచనలను శ్రద్ధగా చదివాను. కటకాల గురించీ దర్పణాల గురించీ అందులో చెప్పినవి ఉపయోగపడే మాటలే. అయితే, ఆకాశాన్ని ఫొటో తీయాలనుకునేవారు తాము మోయగలిగినంతలో అతి బరువైన మౌంట్‌నే, అంటే టెలిస్కోపును మోస్తూ ఆకాశంతో పాటు మోటారుతో తిప్పే ఆధారాన్నే, ఎంచుకోవాలన్న సలహాతో మాత్రం నాకు పేచీ ఉంది. నీహారికలనూ గెలాక్సీలనూ నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసేవారికి ఆ సలహా చక్కగా సరిపోతుంది. గురుడు, శని, అంగారకుడు, చంద్రబిలాలు తప్ప మరొకటి తీసే ఉద్దేశం లేనివారికి కూడా అదే చెబితే, వారిచేత అక్కరలేని బరువు మోయించి, చివరికి ఆ అభిరుచికే వారిని దూరం చేసినట్టవుతుంది.

నేను ఆ దారిన నడిచినవాణ్ని. నేను మొదట కొన్న మౌంట్ తల భాగమే 17 కిలోలు. దానికి ఎదురు తూకంగా తగిలించే 5 కిలోల దిమ్మలు రెండు, ట్రైపాడ్ మరో ఏడున్నర కిలోలు. దాని మీద నేను పెట్టే 200 మిల్లీమీటర్ల వ్యాసమున్న ష్మిట్-కాసెగ్రెయిన్ రకం టెలిస్కోపు గొట్టం చూస్తే ఆరు కిలోలకు లోపే ఉంటుంది. అంటే ఆరు కిలోల గొట్టాన్ని నిలబెట్టడానికి దాదాపు 35 కిలోల సరంజామాను మూడు విడతలుగా మేడ మీదికి చేర్చి, మౌంట్ తిరిగే అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిచూసి, పని ముగిశాక అర్ధరాత్రి దాటిన తరువాత మళ్లీ అంతా దించుకోవాలి. మొదటి ఏడాది ఉత్సాహంలో బరువు తెలియలేదు. రెండో ఏడాదికల్లా, ఆకాశం తేటగా కనిపిస్తున్నా, ఈ రాత్రికి గాలి నిలకడగా ఉంటుందో లేదో, ఇంత మోసి ఏం లాభం అనుకుని తలుపు వేసుకున్న రోజులే ఎక్కువయ్యాయి.

అసలు నష్టం అక్కడే ఉంది. గ్రహం ఫొటో బాగా రావడానికి పరికరం కన్నా పైనున్న గాలి నిలకడ ముఖ్యం. నక్షత్రాలు ఎంత ప్రకాశంగా కనిపిస్తున్నాయన్నదాన్ని బట్టి ఆ నిలకడను అంచనా వేయలేము. ఒక్కోసారి పల్చని మబ్బుపొర కమ్మిన రాత్రే గురుడి పట్టీలు చెక్కినట్టు కనిపిస్తాయి. కొన్ని రాత్రులలో ఆ నిలకడ ఇరవై నిమిషాలకు మించి ఉండదు. గొట్టం బయటి చలికి అలవాటు పడడానికి దాదాపు గంట పడుతుంది కాబట్టి, గాలి కుదురుకున్నాక బయటికి తెస్తే సమయం మించిపోతుంది. ముందుగానే బయట ఉన్నవారికే ఆ ఇరవై నిమిషాలు దక్కుతాయి. బరువైన మౌంట్ నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన రాత్రులలో అలాంటివి ఎన్ని పోయాయో అన్న చింత నాకు ఇప్పటికీ ఉంది.

గ్రహాలను తీసే పద్ధతి తెలిస్తే బరువు ఎందుకు అవసరం లేదో అర్థమవుతుంది. గ్రహాన్ని ఒక్క ఫొటోగా కాక వీడియోగా తీస్తారు. గాలి పొరలు బింబాన్ని అనుక్షణం వంకరలు తిప్పుతుంటాయి. ఎక్స్‌పోజర్‌ను సెకనులో నూరో వంతుకు, అంటే 10 మిల్లీసెకన్లకు కుదిస్తే, ఆ వంకరలు దాదాపు లేని ఫ్రేములు నడుమ నడుమ దొరుకుతాయి. అలాంటి ఫ్రేము దొరికే అవకాశం ఎంతో 1978లో డేవిడ్ ఫ్రైడ్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చూపారు. లక్కీ ఇమేజింగ్ అనే ఈ పద్ధతిలో రెండున్నర నిమిషాలు తీస్తే 15,000 ఫ్రేములు వస్తాయి. ఆటోస్టాకర్ట్ వంటి సాఫ్ట్‌వేర్ వాటిలో పదునైనవాటిని ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకే చిత్రం చేస్తుంది. అంతకన్నా ఎక్కువసేపు తీయడానికి గురుడే ఒప్పుకోడు. పది గంటలలోపే ఒక చుట్టు తిరిగే ఆ గ్రహం మీది మచ్చలు బింబం నడిమిభాగంలో నిమిషానికి సుమారు పావు ఆర్క్ సెకను జరుగుతాయి. (డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు.) రెండున్నర నిమిషాలలో ఆ జరుగుబాటు 0.6 ఆర్క్ సెకన్లు అవుతుంది. 200 మిల్లీమీటర్ల టెలిస్కోపు విడదీసి చూపగల అతి చిన్న వివరం కూడా ఇంచుమించు అంతే. ఆ పైన కావాలంటే విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్‌తో గ్రహభ్రమణాన్ని సరిచేస్తూ విడివిడి వీడియోలను కలుపుకోవచ్చు కానీ, ఒక్కో వీడియో నిడివి మాత్రం అంతే ఉంటుంది.

ఇక మౌంట్ చేసే తప్పుల సంగతి. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున కదులుతుంది. మోటారును పూర్తిగా ఆపేసినా, 10 మిల్లీసెకన్ల ఫ్రేములో గురుడు జరిగేది 0.15 ఆర్క్ సెకను మాత్రమే, అంటే టెలిస్కోపు చూపగల వివరంలో నాలుగో వంతు. గేర్లలోని లోపం వల్ల మౌంట్ ఏడు నిమిషాలకొక ఆవృత్తంగా 30 ఆర్క్ సెకన్లు అటూ ఇటూ ఊగుతోందనుకుందాం. ఆ ఊగుడు అతి వేగంగా ఉన్న క్షణంలో కూడా ఒక్క ఫ్రేములో వచ్చే చెదురు ఆర్క్ సెకనులో రెండువందలవ వంతుకు మించదు. ఇదే మౌంట్‌తో నీహారికను మూడు నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీస్తే నక్షత్రాలు యాభై ఆర్క్ సెకన్లకు పైగా గీతలు సాగి, ఆ ఫొటో పనికిరాకుండా పోతుంది. మౌంట్ అదే, లోపమూ అదే. ఒక పనిలో అది ఘోరమైన తప్పు, మరో పనిలో కంటికి ఆనని తప్పు. గ్రహాన్ని కెమెరా చట్రం దాటిపోకుండా రెండున్నర నిమిషాలు పట్టి ఉంచితే మోటారు చేయవలసిన పని అయిపోయినట్టే.

అలాగని ఏ తేలిక మౌంట్ అయినా సరిపోతుందని నేను అనను. నిదానంగా జరిగే పొరపాటును గ్రహాల వీడియో క్షమిస్తుంది కానీ వణుకును క్షమించదు. టెలిస్కోపు సెకనుకు ఐదుసార్లు, రెండేసి ఆర్క్ సెకన్లు ఇటూ అటూ వణికితే, 10 మిల్లీసెకన్లలోనే బింబం 0.6 ఆర్క్ సెకన్ల దాకా చెదిరిపోతుంది. ఇంతకుముందు చెప్పిన ముప్పై ఆర్క్ సెకన్ల ఊగుడు కన్నా ఈ రెండు ఆర్క్ సెకన్ల వణుకు వంద రెట్లకు పైగా హానికరం. గెలీలియో కూడా 1610 జనవరిలో రాసిన ఒక లేఖలో, చేతి నాడి కొట్టుకోవడం వల్లా ఊపిరి వల్లా గొట్టం కదలకుండా దాన్ని స్థిరమైన చోట బిగించాలని హెచ్చరించాడు. కాబట్టి తేలిక మౌంట్ కొనబోయేవారు దాని గేర్ల లోపం ఎన్ని ఆర్క్ సెకన్లని అడిగేకన్నా, గొట్టాన్ని ఎక్కించి, పెద్ద మాగ్నిఫికేషన్‌తో ఒక నక్షత్రాన్ని చూస్తూ గొట్టం చివర వేలితో మెల్లగా తట్టి, ఆ నక్షత్రం ఎన్ని సెకన్లకు కుదురుకుంటుందో లెక్కపెట్టుకోవాలి. రెండు మూడు సెకన్లయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఐదు సెకన్లు దాటితే, కొద్దిపాటి గాలి వీచినా ఆ రాత్రి ఫ్రేములలో సగం పోయినట్టే. ఇందులో చాలాసార్లు దోషం మౌంట్ తలది కాదు, కింది ట్రైపాడ్‌ది. కాళ్లను పూర్తిగా సాగదీయకుండా పొట్టిగా ఉంచి, మధ్యలో ఒక బరువు వేలాడదీస్తే వణుకు ఎంత తగ్గుతుందో చేసి చూసినవారికే తెలుస్తుంది.

కొన్నేళ్లుగా విరివిగా వస్తున్న స్ట్రెయిన్ వేవ్ గేర్ల మౌంట్ల గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేకపోవడం వెలితిగా అనిపించింది. పలుచని ఉక్కు గిన్నె వంటి పళ్ల చక్రం కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి వంగుతూ, తనకన్నా రెండు పళ్లు ఎక్కువున్న గట్టి వలయం లోపల తిరగడమే వీటి కిటుకు. వాల్టన్ మస్సర్ 1950లలో కనిపెట్టిన ఈ ఏర్పాటునే, 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీద నడిపిన బండి చక్రాలలో వాడారు. ఏకకాలంలో చాలా పళ్లు పట్టుకుని ఉంటాయి కాబట్టి చిన్న పెట్టెలోనే పెద్ద బలం వస్తుంది, ఎదురు తూకపు దిమ్మల అవసరం చాలావరకు తప్పుతుంది. ఉదాహరణకు జెడ్‌డబ్ల్యూఓ సంస్థ ఏఎం5 మౌంట్ తల 5 కిలోలు. దిమ్మ లేకుండా 13 కిలోలు, దిమ్మతో 20 కిలోలు మోస్తుందని సంస్థ చెబుతోంది. నా గొట్టంలాంటిది దాని మీద సునాయాసంగా నిలుస్తుంది. ఈ రకం గేర్లలో ఊగుడు కొంచెం ఎక్కువే, అందుకే నీహారికలు తీసేవారు దానికి గైడ్ కెమెరా (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ కదలికను సరిదిద్దే చిన్న కెమెరా) తగిలిస్తారు. ఆ ఊగుడు మన పనికి అడ్డు రాదని పైన లెక్క వేసి చూశాం. వచ్చే ఇబ్బంది వేరొకటి. దిమ్మ లేనందువల్ల బరువంతా ఒక పక్కకు వాలుతుంది. ట్రైపాడ్ కాలొకటి ఆ బరువు వాలే దిక్కుకు ఉండేలా చూసుకోకపోతే మొత్తం ఒరిగి పడే ప్రమాదం ఉంది. ఈ ఒక్క జాగ్రత్తను కొత్తవారికి ముందే చెప్పాలి.

అంత ఖర్చు పెట్టలేనివారికి ఆల్ట్-అజిమత్ మౌంట్, అంటే నిట్టనిలువుగానూ అడ్డంగానూ తిరిగే మౌంట్, ఇంకా తేలికైన మార్గం. దానికి ధ్రువం వైపు అక్షాన్ని సరిచూసే పని కూడా ఉండదు. దాంతో తీస్తే బింబం కెమెరాలో మెల్లగా గిర్రున తిరుగుతుందని చాలామంది భయపెడతారు. గ్రహం మరీ నడినెత్తిన లేనప్పుడు రెండున్నర నిమిషాలలో ఆ తిరుగుడు సాధారణంగా ఒక డిగ్రీ లోపే. ఒక డిగ్రీ తిరిగితే గురుడి అంచు జరిగేది 0.4 ఆర్క్ సెకను, నడిమిభాగం అసలు జరగదు. గ్రహం నడినెత్తికి చేరిన ఆ కొద్దిసేపు మాత్రం తిరుగుడు వేగం పెరుగుతుంది, అప్పుడు ఆగితే సరిపోతుంది.

గొట్టం ఎంపికా ఇందులో భాగమే. మౌంట్ మీద రాసి ఉన్న మోత బరువొక్కటే చూసి కొందరు మోసపోతుంటారు. బరువు ఒక్కటే అయినా, పొడవు రెట్టింపైన గొట్టం ఊగుడును ఆపడం నాలుగు రెట్లు కష్టం. కాంతిని మడతపెట్టే పొట్టి ష్మిట్-కాసెగ్రెయిన్, మక్సుతోవ్ గొట్టాలు తేలిక మౌంట్‌కు నప్పినట్టు మీటరు పొడవున్న న్యూటోనియన్ (గొట్టం అడుగున దర్పణం ఉండే పొడవాటి రకం) నప్పదు. ఫోకస్‌ను చేత్తో తిప్పే బదులు చిన్న మోటారు అమర్చుకుంటే, తాకిన ప్రతిసారీ బింబం చిందులు వేసే బాధ పోతుంది. బరువైన మౌంట్‌కు పెట్టే అదనపు డబ్బులో కొంత దానికి పెట్టడం మేలని నా అభిప్రాయం. ఫైండర్‌ను, అంటే గురి చూసుకోవడానికి గొట్టం పక్కన బిగించే చిన్న దుర్భిణిని, గొట్టంతో ఖచ్చితంగా సరిచూసుకోవడం కూడా తప్పనిసరి. 3,000 మిల్లీమీటర్ల నాభ్యంతరంతో, 2.9 మైక్రాన్ల పిక్సెళ్లు 1,936 వరుసగా ఉన్న కెమెరాలో కనిపించేది చంద్రబింబం వెడల్పులో ఐదో వంతు మాత్రమే. ఆ కిటికీలోకి గ్రహాన్ని తేలేక గంటలు పోగొట్టుకుని మౌంట్‌ను నిందించేవారిని చూశాను.

పెద్ద న్యూటోనియన్ వాడేవారికీ, టెలిస్కోపును ఒకే చోట శాశ్వతంగా నిలిపి ఉంచగలవారికీ, గ్రహాలతో పాటు నీహారికలూ తీయాలనుకునేవారికీ బరువైన మౌంట్ సరైనదే. వారి విషయంలో మీ వ్యాసంతో నాకు భేదం లేదు. నా విన్నపమల్లా ఒక్కటే. ఈ శీర్షికలో తరువాతి భాగం వేసేటప్పుడు, పాఠకుడు ఏం తీయదలచుకున్నాడో, సరంజామాను ప్రతి రాత్రీ ఎంత దూరం మోయాలో ముందుగా అడిగి, గ్రహాలు తీసేవారికి వేరే సలహా ఇవ్వండి. వేలితో తట్టి కుదురుబాటు సెకన్లు లెక్కపెట్టే పరీక్షను కూడా అందులో చేర్చితే, కొనే ముందే ఎవరికి వారు తేల్చుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు